ఐదు నెలల బాలింత, 12 కిలోలు, రెండు నెలల్లో తమ్ముడి పెళ్ళి

నీ ఉత్తరంలో నీకు 26 ఏళ్ళన్నావు. మా పెద్దమ్మాయి నీకంటే రెండేళ్ళు పెద్దది. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకమ్మా. కోనసీమలో ఇరవై రెండేళ్ళుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది షుగర్ వాళ్ళయితే, మిగతా సగంలో ఎక్కువమంది నీలాంటి బాలింతలే.

నువ్వు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చినవి అంకెలు. కడుపుతో కాకముందు 54 కిలోలు. ఆపరేషన్‌కి వెళ్ళిన రోజు 70. వారం తర్వాత 64. ఆరో వారం చెకప్‌లో 62. ఇప్పుడు ఐదు నెలలు నిండాక 66. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. పాలకొల్లు దగ్గర పుట్టింట్లో ఉన్నావు, బాబుకి నీ పాలే. రెండు నెలల్లో తమ్ముడి పెళ్ళి, ఈలోగా 12 కిలోలు తగ్గాలి. అందుకోసం రాత్రి అన్నం మానేసి పుల్కాలు తినాలా, పొద్దున్నే జీలకర్ర నీళ్ళు తాగాలా, మీ చిన్నాన్నగారమ్మాయి తాగి సన్నబడిన పౌడరు తెప్పించుకోవాలా, నడుంబెల్టు ఎన్నాళ్ళు కట్టాలి అని అడిగావు.

ఆ అంకెల్ని ఇంకోసారి చూడు. 70 నుంచి 64కి దిగడంలో మనం చేసిందేమీ లేదు. మూడు కిలోల బిడ్డ, అరకిలో పైచిలుకు మాయ, ఉమ్మనీరు, రక్తం పోతే తగ్గిన బరువు అది. తర్వాత ఒంట్లో చేరిన నీరు పోయింది. కాన్పవగానే కిలో దాకా ఉండే గర్భసంచి కూడా ఆరు వారాలకి 60, 70 గ్రాములకి ముడుచుకుపోతుంది. అలా 62కి వచ్చావు. అంటే గర్భం మిగిల్చిన బరువు ఎనిమిది కిలోలే. మిగతా నాలుగు కిలోలూ ఆ తర్వాత, అమ్మ చేతి వంట తింటూ మంచం మీద ఉన్న రోజుల్లో వచ్చాయి. నువ్వు మాత్రం 12 కిలోలనీ ఒకే మూట కట్టేసి "డెలివరీ వెయిట్" అన్నావు. నాకు ఆ మాటతోనే పేచీ.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. నాలుగు కిలోలంటే ముప్పై వేల పైన. ఆరో వారం నుంచి ఇప్పటిదాకా నూటపది రోజులు వేసుకుంటే రోజుకి 280 చొప్పున ఎక్కువ పడినట్టు. 280 కేలరీలు ఎంతో తెలుసా? రెండు పెద్ద చెంచాల నెయ్యి, అంతే. తిండిపోతుతనం అనడానికి లేదు. ఎవరూ గమనించనంత చిన్న పొరపాటు రోజూ జరిగింది. అంత చిన్నది కాబట్టే దిద్దుకోవడమూ తేలిక. అందుకే "అన్నం మానేస్తాను" అన్నచోట నాకు భయమేసింది.

మన వైపు బాలింత పత్యం నీకు నేను చెప్పక్కర్లేదు. వేడన్నంలో శొంఠి పొడో, వెల్లుల్లి కారమో, దాని మీద గరిటెడు నెయ్యి. పొద్దున్నే కాయం ఉండ. పెరుగు వద్దు, పిల్లాడికి జలుబు చేస్తుంది. అరటిపండు వద్దు, చలవ. వంకాయ వద్దు, కుట్లు చీము పడతాయి. పచ్చి మంచినీళ్ళు వద్దు, పొట్ట జారుతుంది. ఇవన్నీ తీసేశాక పళ్ళెంలో మిగిలేది అన్నం, నెయ్యి, కారం. అంటే బలానికి బలం ఉంది గానీ కండకి కావలసిన మాంసకృత్తులు లేవు, పీచు లేదు, నీళ్ళు లేవు. మలబద్ధకం, అరగంటకోసారి ఆకలి, గుక్కెడు నీళ్ళకి బదులు ఇంకో కప్పు కాఫీ, దాంతో రెండు బిస్కెట్లు. మీ అమ్మగారిని మాత్రం తప్పుపట్టకు. ఆవిడకి వాళ్ళమ్మ ఇలాగే పెట్టింది. ఆ రోజుల్లో నెల తిరక్కుండానే పేడకళ్ళెత్తి, బావి నీళ్ళు తోడినవాళ్ళకి ఆ నెయ్యి ఎటు పోయేదో తెలిసేది కాదు. శొంఠి, వాము, వెల్లుల్లి తింటే నష్టమేమీ లేదు. నేనూ తిన్నాను. పెట్టినవాటితో పెద్ద పేచీ లేదు, తీసేసినవాటితోనే వచ్చింది గొడవ. పెరుగుకీ పిల్లాడి జలుబుకీ సంబంధం లేదు. వంకాయకీ నీ కుట్లకీ అంతకన్నా లేదు.

"ఇద్దరి తిండి తినాలి" అని నీకూ చెప్పుంటారు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆర్నెల్లు దాటాక 520. ఆ 600 అంటే రెండు గుడ్లు, ఒక గ్లాసు గేదె పాలు, గుప్పెడు వేరుశనగ పలుకులు, ఒక అరటిపండు. ఇద్దరి తిండి కాదు, ఒకరి తిండి మీద ఓ చిన్న పలహారం. మరి ఇది కూడా తినకుండా ఒంట్లో కొవ్వునే పాలుగా మార్చుకోవచ్చు కదా అంటే, కొంతవరకు మార్చుకోవచ్చు. నువ్వు తగ్గబోయేది అలాగే. కానీ అందులో సగం దాకా వదులుకోవచ్చు, మొత్తం వదిలేసి పైగా ఒక పూట మానేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పాలిచ్చినన్నాళ్ళూ రోజుకి 1,800 కేలరీల కంటే దిగొద్దు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా రెండోవాడు పుట్టినప్పుడు నేనూ ఇదే పని చేశాను. అప్పటికి ఈ చదువు పూర్తి కాలేదు. నెల రోజులు రాత్రి భోజనం మానేశాను. మూడు కిలోలు తగ్గాను, ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఒక సాయంత్రం పిల్లాణ్ణి ఎత్తుకుని డాబా మెట్లు దిగుతుంటే కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూలబడ్డాను. వాడికి దెబ్బ తగల్లేదు గానీ ఆ గోడ ఇప్పటికీ చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. మళ్ళీ తినడం మొదలెట్టిన రెండు నెలలకి ఆ మూడు కిలోలూ, వాటికి తోడు ఇంకో రెండూ వచ్చాయి.

ఇప్పుడు పళ్ళెం సంగతి. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి నేను మొదటి రెండు వారాలు ఏదీ తగ్గించమని చెప్పను, పెంచమనే చెబుతాను. నీలాంటి పాలిచ్చే తల్లికి రోజుకి 62, 63 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మూడు పూటలా అన్నమే తిని రోజుకి 300 గ్రాముల బియ్యం లాగించినా అందులో దొరికేది 23, 24 గ్రాములు. అందుకే కడుపు నిండినా ఒంటికి తృప్తి ఉండదు, గంటలో మళ్ళీ ఏదో ఒకటి కావాలంటుంది. దీన్ని ఇలా సర్దుకో: రెండు గుడ్లు 12 గ్రాములు, గుప్పెడు కందిపప్పో పెసరపప్పో 9 దాకా, పూటకో గ్లాసు చొప్పున పాలూ పెరుగూ కలిపి 14, ఒక పూట నూరు గ్రాముల చేప 18. అన్నం 200 గ్రాముల బియ్యానిది తిన్నా 16 వస్తాయి. మొత్తం 69. మాంసాహారం తినకపోతే చేపకీ గుడ్డుకీ బదులు ఉడికించిన శనగలు, అలసందలు, ఉలవలు, పెసరట్టు, పనీరు. ఉలవచారు ఒక్కటే తాగితే సరిపోదు, ఆ ఉలవలు కూడా తినాలి. చారు తీసి ఉలవలు గేదెకి పెట్టే ఇళ్ళు నాకు తెలుసు!

కూర మాత్రం అన్నం కన్నా ఎక్కువ ఉండాలి. మన దగ్గర దానికేం లోటు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర పప్పు, మునగాకు, కంద బచ్చలి. కంద దుంపే గదా అంటావేమో, కంద బచ్చలి తిన్న పూట అన్నం రెండు ముద్దలు తగ్గించు, సరిపోతుంది. కూర ముందు తిని, పప్పో చేపో తర్వాత, అన్నం చివర్లో తినే అలవాటు చేసుకున్నవాళ్ళు తక్కువకే ఆగుతారు. మొదట్లో వింతగా ఉంటుంది, మీ నాన్నగారు నవ్వుతారు కూడా.

చేపల గురించి ఒక మాట, ఎందుకంటే గోదావరి వాళ్ళకి బాలింత అనగానే పాలసొర గుర్తొస్తుంది. సొరపొడి తింటే పాలు పడతాయని కిలోలకి కిలోలు తెప్పిస్తారు. అందులో మాంసకృత్తులు ఉన్నమాట నిజమే. కానీ సొర వేరే చేపల్ని తిని బతికే చేప, వాటి ఒంట్లో ఉన్న పాదరసం అంతా దాంట్లో పోగవుతుంది. పాలిచ్చేవాళ్ళకి నేను వద్దనే చెబుతాను. దానికి బదులు చిన్న చేపలు తిను. మెత్తళ్ళు, కవళ్ళు, చెరువు చేప, దీపావళి దరిదాపుల్లో దొరికితే చీరమేను. ముల్లుతో సహా తినే చేపల్లో కాల్షియం కూడా వస్తుంది. వేపుడు కన్నా ఇగురు, పులుసు మేలు. ఎండుచేప అయితే ఉప్పు జాగ్రత్త. రొయ్యలు శుభ్రంగా తినొచ్చు, మీ భీమవరం వైపు చెరువులున్న ఇళ్ళలో మేలు రకం ఎగుమతికి పోయి చిన్నవి ఇంటికి వస్తాయి, వాటికేం తక్కువ కాదు.

ఇక అన్నం. రెండు పుల్కాలు తింటే సుమారు 200 కేలరీలు, చిన్న కప్పుడు అన్నం తింటే కూడా అంతే. పుల్కా వల్ల జరిగే మేలు ఏంటంటే, దాన్ని లెక్కపెట్టుకుని తింటాం. అన్నం లెక్కపెట్టం, అదే తేడా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రాత్రి చారన్నం తిన్న పిల్ల పుల్కా తిని పది గంటలకి వంటింట్లో డబ్బాలు వెతుక్కుంటుంది. అన్నమే తిను. రైస్ కుక్కరుతో వచ్చే కప్పు ఉంటుంది కదా, దాని నిండా బియ్యం 150 గ్రాములు, 500 కేలరీల పైమాటే. నీకు రోజు మొత్తానికి ఆ కప్పుకి కొంచెం ఎక్కువ, కప్పూ పావు చాలు. చద్దన్నం పెరుగేసుకుని ఉల్లిపాయతో తిన్నా మంచిదే. నెయ్యి పూటకో చిన్న చెంచా, 45 కేలరీలు. గరిటె మాత్రం అల్మారాలో పెట్టించెయ్యి.

కొబ్బరి సంగతి చెప్పకపోతే డెల్టా వాళ్ళకి చెప్పినట్టు కాదు. పచ్చి కొబ్బరి నూరు గ్రాముల్లో 400 కేలరీల దాకా ఉంటాయి. పొద్దున ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం కూరలో కొబ్బరి, సాయంత్రం బెల్లం ముక్కతో కొబ్బరి ముక్క. మూడింటిలో ఒకటి ఉంచుకో. కొబ్బరి నీళ్ళు మాత్రం తాగు, వాటిలో ఉండేది చాలా తక్కువ, దాహమూ తీరుతుంది. ఇంతకీ నీళ్ళు: పాలిచ్చేటప్పుడల్లా పక్కన ఒక గ్లాసు పెట్టుకో. దాహమేసినంత తాగు. లీటర్లు కొలిచి బలవంతాన తాగక్కర్లేదు.

నేను నీ స్థానంలో ఉంటే ఒక నాలుగు రోజులు తిన్న ప్రతి వస్తువూ ఫోన్‌లో రాసుకునేదాన్ని. ఎవరికీ చూపించక్కర్లేదు. ఎందుకంటే నా అనుభవంలో బరువు భోజనాల దగ్గర చేరదు, భోజనానికీ భోజనానికీ మధ్య చేరుతుంది. రాత్రి రెండింటికి బాబుకి పాలిచ్చాక నీకు నిజంగానే ఆకలేస్తుంది, అది సహజం. అప్పుడు చేతికందేది ఏంటి? చూడ్డానికొచ్చిన చుట్టాలు తెచ్చిన తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకు, లేదా బిస్కెట్ పేకెట్టు. పడుకునే ముందే తలగడ దగ్గర ఉడికించిన గుడ్డో, వేయించిన శనగలో, ఒక పండో పెట్టుకో. నిద్రమత్తులో మంచి నిర్ణయాలు ఎవరూ తీసుకోలేరు, నేనూ తీసుకోలేను. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరగడం, తీపి మీద మనసు పోవడం కూడా శరీర ధర్మమే, నీ మనసు బలహీనత కాదు. అందుకే మధ్యాహ్నం బాబు పడుకున్న గంటా నువ్వూ పడుకో, బట్టలు మీ అమ్మగారో తమ్ముడో మడతపెడతారు.

అన్నట్టు, నిన్ను అత్తారింటికి పంపేటప్పుడు సారె పెడతారు కదా. కావిళ్ళ కొద్దీ కాజాలూ లడ్డూలూ మైసూర్‌పాకూ. పంచిపెట్టాక ఎప్పుడూ ఒక డబ్బా మిగులుతుంది. మిగిలేది ఎప్పుడూ బాలింత గదిలోనే ఉంటుంది. ఆ డబ్బాని వీధి చివరిదాకా పంచేయమని ఇప్పుడే చెప్పి పెట్టుకో. ఇంకో నెలలో అన్నప్రాశన అవుతుంది, అప్పట్నుంచి పిల్లాడి గిన్నెలో మిగిలిన నేతి పప్పన్నం నీ నోట్లోకి పోకుండా చూసుకో. ఆ రెండు ముద్దలు రోజుకి మూడు సార్లంటే మామూలు కాదు.

జీలకర్ర నీళ్ళు తాగాలనిపిస్తే తాగు. కొవ్వు కరగదు, నష్టమూ లేదు. పొద్దున్నే తాగే కాఫీలో పంచదార మానేస్తే దానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. పౌడర్ల సంగతి వేరు. భోజనానికి బదులు తాగే పౌడర్లు, సన్నబడే టీలు, విరేచనం చేయించే మూలికలు, ఇవి పాలిచ్చే తల్లి ముట్టుకోకూడదు. వాటిలో ఏమేం కలుస్తాయో డబ్బా మీద రాసింది నమ్మి బాబుకి పట్టలేం కదా. ఈమధ్య సన్నబడే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు, పాలిచ్చేటప్పుడు అవి వద్దు. అన్నం, పళ్ళు, పప్పు అన్నీ మానేసి నెయ్యీ మాంసమూ మాత్రమే తినే కీటో కూడా వద్దు. పాలిచ్చే తల్లుల్లో దానివల్ల రక్తంలో ఆమ్లం పెరిగి ఆసుపత్రి పాలైన సందర్భాలు వైద్య పత్రికల్లో వచ్చాయి.

బెల్టు కొవ్వుని కరిగించదు. ఆపరేషన్ అయిన కొత్తలో లేస్తుంటే, దగ్గుతుంటే కుట్ల దగ్గర ఆసరాగా ఉంటుంది, అందుకు మంచిదే. ఐదు నెలలకి ఇంకా దాని అవసరం లేదు. ఊపిరాడనంత బిగించి కడితే ఆ ఒత్తిడంతా కిందికి, గర్భసంచి మీదికి, మూత్రాశయం మీదికి పోతుంది. దగ్గితే తుమ్మితే మూత్రం చుక్కలుగా పడుతోందని సిగ్గుపడి చెప్పనివాళ్ళు ఎంతమందో. నీకూ ఉంటే డాక్టరమ్మకి చెప్పు, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పుతారు. మూత్రం ఆపుకున్నట్టుగా బిగించి ఐదంకెలు లెక్కపెట్టి వదలడం, పూటకి పది సార్లు. టీవీ చూస్తూ చేయొచ్చు.

పొట్ట ముందుకి ఉండిపోయింది అన్నావు. కొవ్వు కావచ్చు, కాకపోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తల మాత్రం కొంచెం పైకెత్తి బొడ్డు పైన వేళ్ళు పెట్టి చూడు. మధ్యలో గాడిలా రెండు వేళ్ళ కంటే ఎక్కువ దిగుతున్నాయంటే పొట్ట కండరాలు రెండు పక్కలకీ విడిపోయి ఇంకా కలవలేదన్నమాట. అలాంటప్పుడు యూట్యూబ్ చూసి పొట్ట వంచే కసరత్తులు చేస్తే ఆ గాడి ఇంకా పెద్దది కావచ్చు. ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

నడక మాత్రం ఈ సాయంత్రమే మొదలెట్టు. ఆరో వారం చెకప్‌లో అంతా బాగుందన్నారు కాబట్టి అడ్డేమీ లేదు. వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. ఒకేసారి కుదరకపోతే మూడు పూటలా తిన్నాక పది నిమిషాలు. బాబుకి పాలిచ్చేసి బయల్దేరితే రొమ్ములు బరువుగా ఉండవు. కాలువ గట్టు మీద నడిస్తే "ఏమ్మా బాలింతవి, గాలి తగల్దా?" అని ఎదురైన ప్రతివాళ్ళూ అడుగుతారు. "డాక్టరమ్మ నడవమంది, ఆయ్" అని నవ్వేసి నడుచుకుంటూ పో. అది కుదరకపోతే డాబా ఉంది. మన ఉక్కపోతకి పొద్దున ఆరున్నర లోపు, లేకపోతే పొద్దు గుంకాక. నడిచొస్తే పాలు వేడి చేస్తాయి, మొదటి పాలు పిండి పారబోయాలి అంటారు, అదేమీ లేదు, నేరుగా పట్టొచ్చు. రెండు నెలలు నడక అలవాటయ్యాక జిమ్‌కి వెళ్ళినా, బరువులెత్తినా మంచిదే. పరుగు, గెంతులాట కింది కండరాలు గట్టిపడ్డాకే.

పాలు తగ్గిపోతాయేమోనని నీకంటే మీ అత్తగారికి టెన్షన్ ఎక్కువ ఉంటుంది. బాబు రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఒంటేలు పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. వారానికి అరకిలో లోపు తగ్గినంత వరకు పాలకి ఏమీ కాదు. పాలిస్తే బరువు దానంతటదే పోతుందనే మాట కూడా అందరికీ వర్తించదు. కొందరికి పోతుంది, కొందరికి ఆ ఆకలికి తిన్నది సరిపోయి కదలదు.

ఇక పరీక్షలు. ఇవి మాత్రం వచ్చే వారంలోనే చేయించుకో. మొదటిది థైరాయిడ్, టీఎస్‌హెచ్. కాన్పు తర్వాత ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ గ్రంథి వాచి, మొదట కొన్నాళ్ళు ఎక్కువగా పనిచేసి, నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్య మందగిస్తుంది. నువ్వు సరిగ్గా ఆ కాలంలో ఉన్నావు. రాజోలు అవతల నుంచి ఒకమ్మాయి వచ్చేది. నేను చెప్పినదంతా అక్షరం తప్పకుండా చేసింది, రెండు నెలలైనా కిలో తగ్గలేదు. ఎప్పుడూ నిద్ర, చలి, మలబద్ధకం. ఇంట్లో బద్ధకం అని పేరు పెట్టారు. నేనూ మనసులో ఎక్కడో దొంగతిండి తింటోందేమో అనుకున్నాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. టీఎస్‌హెచ్ చూస్తే ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది, అంటే థైరాయిడ్ మందగించిందన్నమాట. మాత్ర మొదలెట్టిన మూడు నెలల్లో మనిషి మారిపోయింది.

రెండోది హిమోగ్లోబిన్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువుంటే మెట్లెక్కితేనే ఆయాసం, ఇంక నడకేం నడుస్తారు. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర వేసుకోవాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక మానేశావా? చాలామంది మానేస్తారు. మళ్ళీ మొదలెట్టు, రెండూ ఒకేసారి వేసుకోకు, ఐరన్‌తో పాటు కాఫీ టీ తాగకు. మీ ఊరి నర్సమ్మ, అదే ఏఎన్ఎం దగ్గర ఉచితంగా ఇస్తారు. అంగన్‌వాడీలో బాలింతలకిచ్చే గుడ్లూ పాలూ కూడా తెచ్చుకో, మొహమాటపడి వదిలేసుకునేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందో లేదో రాయలేదు. వచ్చుంటే గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష ఇంకా చేయించుకోకపోతే ఇప్పుడైనా చేయించుకో, ఆ తర్వాత ఏడాదికోసారి. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ తీసుకుంటుంటే అదీ డాక్టరమ్మకి చెప్పు, దానితో కొందరికి బరువు పెరుగుతుంది.

నీ ఉత్తరం చివర్లో "అద్దం చూడాలంటే ఏడుపొస్తోంది, బాబుని ఎత్తుకోవాలని కూడా అనిపించడం లేదు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నేను వదల్లేదు. కాన్పయిన మొదటి పది పదిహేను రోజులు ఏడుపు రావడం మామూలే. ఐదో నెలలో కూడా రోజూ అలాగే ఉంటే అది బరువు గొడవ కాకపోవచ్చు. మీ ఆయనకో, అమ్మకో ఈ వాక్యం చదివి వినిపించు. డాక్టరమ్మకి చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బరువు నాలుగు నెలలు ఆగుతుంది. ఇది ఆగకూడదు.

లెక్కకి వస్తే, మన దేశపు కొలతల ప్రకారం నీ ఎత్తుకి 57 లోపు ఉంటే చాలు, 54 తప్పనిసరేం కాదు. వారానికి పావు నుంచి అరకిలో తగ్గితే పెళ్ళినాటికి 62 నుంచి 64 మధ్య ఉంటావు, బాబు మొదటి పుట్టినరోజుకి 57, 58. వారానికి ఒకసారే, ఒకే మిషను మీద, పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక చూసుకో. మధ్యలో రెండు వారాలు ముల్లు కదలకపోతే కంగారుపడి అన్నం మానెయ్యకు, నడుము కొలత చూడు. అది 80 సెంటీమీటర్ల లోపుకి రావాలి. జుట్టు రాలుతోందన్నావు, కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకి చాలామందికి అలా రాలుతుంది, మళ్ళీ వస్తుంది.

పెళ్ళిలో పాత జాకెట్లు పట్టవు, ఇప్పుడే చెబుతున్నాను. పాలతో నిండిన రొమ్ములకి 54 కిలోల నాటి జాకెట్టు 54కి తగ్గినా పట్టదు. పెళ్ళిలో కట్టే చీరలకి కొత్తవి కుట్టించుకో. బాబుకి పాలివ్వడానికి వీలుగా ముందు హుక్కులు పెట్టమను, పక్క కుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదలమను. కొలతలు మాత్రం పెళ్ళికి పది రోజుల ముందు ఇవ్వు, ఇప్పుడే ఇచ్చేస్తే వదులైపోతాయి.